రియాక్షన్ అనగానే పాయిజనింగ్ పెట్టేస్తే ఎట్లా

ప్రశ్న: అక్కా, బీఎస్సీ మైక్రోబయాలజీ చేసి ఇక్కడే రాజ్‌విహార్ దగ్గర మెడికల్ కోడింగ్ (పేషెంట్ చార్ట్‌లో ఉన్న జబ్బుల్ని అమెరికా వాళ్ళ ఐసీడీ-10-సీఎం కోడ్‌లుగా మార్చే పని) కోచింగ్‌కి పోతున్నా. మొన్న ప్రాక్టీస్ చార్ట్‌లో, డాక్టర్ చెప్పినట్టే అమాక్సిసిలిన్ వేసుకున్న పేషెంట్‌కి మూడో రోజుకి ఒళ్ళంతా దద్దుర్లు అని ఉంది. నేను పాయిజనింగ్ కోడ్ పెట్టినా, సార్ అడ్డంగా గీత కొట్టి గైడ్‌లైన్స్ చదువుకో పో అన్నాడు. నా తప్పేంది?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: గీత కొట్టడం కరెక్టే గానీ ఎందుకో చెప్పకుండా పో అనడం బాలేదు. చూడు తల్లీ, మందు వల్ల చెడు జరిగింది అనగానే విషం అనేసుకున్నావ్, ఆ మనిషి మందు ఎట్లా వేసుకున్నాడు అనేది చూళ్ళేదు. డాక్టర్ రాసిన మందే, రాసిన డోసే, రాసినన్ని పూటలే వేసుకున్నా ఒంటికి పడలేదంటే అది అడ్వర్స్ ఎఫెక్ట్. అప్పుడు ముందు దద్దుర్లకి ఎల్27.0, దాని వెనకాల టీ36.0ఎక్స్5ఏ. ఆ రెండోదాన్ని ముక్కలు చేసుకుంటే బట్టీ కొట్టే పనే ఉండదు: టీ36 అంటే యాంటీబయాటిక్స్, సున్నా అంటే పెన్సిలిన్ జాతి, అక్కడ 1 ఉంటే సెఫలోస్పోరిన్లు, 3 ఉంటే అజిత్రోమైసిన్ లాంటి మాక్రోలైడ్లు, 4 ఉంటే డాక్సీసైక్లిన్ బాపతు. ఎక్స్ ఊరికే ఖాళీ నింపడానికి. తర్వాత వచ్చే అంకె ఉందే, అసలు కథంతా దాన్లోనే, 5 అంటే అడ్వర్స్ ఎఫెక్ట్, 6 అంటే అండర్‌డోసింగ్ (చెప్పినదానికన్నా తక్కువ వేసుకోవడం), 1 నుంచి 4 దాకా పాయిజనింగ్, అంటే మందు తప్పుగా వేసుకోవడం: పొరపాటున, కావాలని, ఇంకొకరు చేస్తే, తేల్చలేకపోతే. చివరి ఏ అంటే ట్రీట్‌మెంట్ ఇంకా నడుస్తోందని. చార్ట్‌లో ఏమీ రాయకుంటే పొరపాటు కిందే లెక్క, తేల్చలేం అని డాక్టర్ రాస్తేనే 4 వాడాలి.

రోజుకి ఒక అజిత్రోమైసిన్ వేసుకోమంటే కంగారులో మూడు మింగి వాంతులు చేసుకున్నోడు ఉన్నాడనుకో, అది పాయిజనింగ్. ఇక్కడ ఆర్డర్ తిరగబడుద్ది, ముందు టీ36.3ఎక్స్1ఏ, తర్వాత వాంతులకి ఆర్11.10. ఎట్లా జరిగిందో ఆ కోడ్‌లోనే ఉంది కాబట్టి వేరే ఎక్స్‌టర్నల్ కాజ్ కోడ్ వెతకబాకు.

ప్రశ్న: మేడమ్, నేను అనంతపురంలో ఇంటి నుంచే అమెరికా చార్ట్‌లు కోడ్ చేస్తా. ఒకామెకి యూరిన్ ఇన్ఫెక్షన్, ఏడు రోజులు సిప్రోఫ్లాక్సాసిన్ రాస్తే మూడు రోజులకే ఆపేసింది, మళ్ళీ వచ్చింది. టీ కోడ్ ముందు పెట్టాలా వెనకా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: వెనకే. అండర్‌డోసింగ్ కోడ్ ఎప్పుడూ మొదటి లైన్‌లో కూర్చోదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దాన్నే పైన పెట్టి ఆడిట్‌లో ఎర్రర్ తిన్నా, కాబట్టి నాకు బాగా గుర్తు. మొదట యూరిన్ ఇన్ఫెక్షన్‌కి ఎన్39.0, తర్వాత టీ36.ఏఎక్స్6ఏ (2025 అక్టోబర్‌కి ముందు టీ36.8ఎక్స్6ఏ ఉండేది), ఆ తర్వాత ఎందుకు ఆపిందో చెప్పే జెడ్ కోడ్. చాలామంది ఈ మూడోదే మర్చిపోతారు. డబ్బుల్లేక కొనలేకపోతే జెడ్91.120, ఇంకేదన్నా కారణంతో తనంతట తనే ఆపేస్తే జెడ్91.128, ఊరికే మరుపుతో మిస్సయితే జెడ్91.138, వయసు మీదపడి మర్చిపోతే జెడ్91.130. కారణం ఒక్కోసారి డాక్టర్ నోట్‌లో కాకుండా నర్స్ రాసిన రెండు లైన్లలో ఉంటది, అది చూడకుండా ముందుకి పోవద్దు.

డోసు తగ్గించి వేసుకోవడమే అండర్‌డోసింగ్ అనుకుంటారు గానీ డాక్టర్‌ని అడక్కుండా మొత్తంగా ఆపేసినా అదే. మా అత్తమ్మని చూస్తే ఈ కోడ్ ఎవరికీ మళ్ళీ చెప్పక్కర్లేదు. అయిదు రోజులకి రాస్తే జ్వరం తగ్గిన రెండో రోజే ఆపేసి, మూడు బిళ్ళలు మిగిలిన స్ట్రిప్పుకి రబ్బర్ బ్యాండ్ వేసి పోపుల డబ్బా పక్కన దాస్తది, అడిగితే "ఇంగ బాగైతి కదా, బిళ్ళలు యాలకి పనికొస్తాయ్ లే" అంటది. ఒకసారి ఆ స్ట్రిప్పే మా చిన్నోడి దగ్గుకి బయటికొచ్చింది, లాక్కున్నా అనుకోండి, ఆ రోజు ఇంట్లో నాకూ ఆమెకీ మాటల్లేవు.

ప్రశ్న: అక్కా, పేషెంట్ రెండోసారి వస్తే చివరి అక్షరం ఏ తీసేసి డీ పెట్టాలంటారు, నిజమా? ఇంకోటి, చిన్నప్పుడెప్పుడో పెన్సిలిన్ పడలేదు అని రాసుంటే టీ కోడ్ పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: ఎన్నోసారి వచ్చారు అన్నది కాదమ్మా లెక్క. ఆ ప్రాబ్లమ్‌కి ఇంకా యాక్టివ్ ట్రీట్‌మెంట్ నడుస్తుంటే మూడోసారొచ్చినా ఏనే, అది అయిపోయి మామూలు ఫాలో అప్‌కి వస్తే డీ. ఇంక ఎప్పుడో పడలేదు అన్నదానికి జెడ్88.0 చాలు, ఇప్పుడు రియాక్షన్ లేనప్పుడు టీ36 జోలికి పోవద్దు. కంటి చుక్కల్లో యాంటీబయాటిక్ అయితే అసలు టీ36లోనే ఉండదు, టీ49.5కి పోతుంది, అందుకే డ్రగ్స్ టేబుల్‌లో (మందుల పేర్ల పట్టిక) కోడ్ దొరగ్గానే కాపీ కొట్టకుండా ట్యాబ్యులర్ లిస్ట్ (కోడ్‌లు వరుసగా వివరాలతో ఉండే భాగం) తిప్పి ఒకసారి చూసుకో.