టెక్ సందేహాలు: మారుపేరును పట్టిచ్చిన వాటాల లెక్క

ప్రశ్న: ఒక చిన్న లిస్టెడ్ కంపెనీలో నాకు కొన్ని వాటాలున్నాయి. లెక్కల్లో తేడా కనిపించినప్పుడల్లా మారుపేరుతో ఆన్‌లైన్‌లో రాస్తుంటాను. ఈ మధ్య ఆ కంపెనీ నుంచి నా సొంత ఈమెయిల్‌కు, అసలు పేరుతోనే, "మీ అభిప్రాయాలు గమనిస్తున్నాం" అని మెయిల్ వచ్చింది. తెరిచిన పది నిమిషాలకే "చదివినందుకు ధన్యవాదాలు" అని మరొకటి! నేనెప్పుడూ వీపీఎన్ లేకుండా రాయను. ఎలా దొరికిపోయాను?
- ఒక మదుపరి, గుంటూరు

జవాబు: మీరు జత చేసిన పోస్టులన్నీ చదివాను. మూడోదానిలో "నావి 1,373 షేర్లు, బాధ నాకూ ఉంటుంది" అని రాశారు. నా అనుమానం దాని మీదే.

డీమ్యాట్ ఖాతాల్లోని వాటాలను భద్రపరిచే డిపాజిటరీల దగ్గరున్న వాటాదారుల జాబితా ప్రతి వారం కంపెనీ రిజిస్ట్రార్‌కు, అంటే వాటాదారుల రికార్డులు చూసే సంస్థకు, అందుతుంది. ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లు దాన్ని 'బెన్‌పోస్' అంటారు. అందులో పేరు, చిరునామా, వాటాల సంఖ్యతో పాటు డీమ్యాట్ ఖాతాకు మీరిచ్చిన ఈమెయిల్ కూడా ఉంటుంది. లక్షల మంది వాటాదారులున్న పెద్ద సంస్థలో 1,373 షేర్లున్నవాళ్లు చాలామందే దొరుకుతారు. రెండు మూడు వేల మందే ఉన్న కంపెనీలో ఆ అంకె ఒక్కరి పేరు ఎదుటే ఉండవచ్చు. ఎక్సెల్ తెరిచి, కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కి, నాలుగు అంకెలు కొడితే పని పూర్తి. వీపీఎన్ మీ ఇంటి ఐపీ అడ్రస్‌ను, అంటే నెట్‌లో మీ కనెక్షన్‌కుండే నంబరును, దాచింది. మీరే చెప్పిన లెక్కను అది ఎలా దాస్తుంది? కొన్న తేదీ, కొన్న ధర, డీమ్యాట్ స్క్రీన్‌షాట్ కూడా ఇంతే ప్రమాదం. "కొన్ని వాటాలున్నాయి" అంటే చాలు. నిజాయితీకి లోటు రాదు.

ఇక ఆ రెండో మెయిల్ సంగతి. మొదటి మెయిల్‌లో కంటికి కనిపించని ఒక చుక్కంత బొమ్మ పెట్టి ఉంటారు. మీరు మెయిల్ తెరవగానే ఆ బొమ్మ కోసం పంపినవాళ్ల సర్వర్‌కు కబురు వెళ్తుంది. తెరిచిన సమయం అక్కడ నమోదవుతుంది. పాత విద్యే ఇది. 2006లో అమెరికా కంప్యూటర్ల కంపెనీ హ్యూలెట్-ప్యాకార్డ్ బోర్డు రహస్యాలు బయటికి ఎలా పొక్కుతున్నాయో కనిపెట్టడానికి, కంపెనీ పరిశోధకులు టెక్ వార్తల సైటు సీనెట్ విలేకరికి కల్పిత పేరుతో మెయిల్ రాసి, జాడ తీసే ఫైలు జత చేశారు. గుట్టు రట్టయ్యాక చైర్‌పర్సన్ ప్యాట్రీషియా డన్ పదవి వదులుకోవలసి వచ్చింది.

జీమెయిల్‌లో సెట్టింగ్స్, జనరల్, ఇమేజెస్ దగ్గరకు వెళ్లి, బొమ్మలు చూపేముందు అడగమనే ఆప్షన్ ఎంచుకోండి. 2013 నుంచి బొమ్మలను గూగుల్ తన సర్వర్ ద్వారానే తెస్తోంది కాబట్టి మీ ఐపీ బయటపడదు. బొమ్మలు చూపనిస్తే మాత్రం మెయిల్ తెరిచారన్న సంగతి తెలిసిపోతుంది. వర్డ్ ఫైలు ఎక్కడైనా పెట్టారా? అందులో రచయిత పేరు దగ్గర మీ అసలు పేరు కూర్చుని ఉండవచ్చు, చూసుకోండి.

ఒక్కమాట. మీ ప్రశ్నలకు లెక్కలతో జవాబివ్వడం మాని, మీరెవరో వెతికే యాజమాన్యాన్ని చూస్తే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్న సామెతే గుర్తొస్తోంది.

ప్రశ్న: మాది చిన్న లిస్టెడ్ కంపెనీ. మారుపేరుతో ఒకతను మాపై విషం కక్కుతున్నాడు. ఒక లింకు పంపి అతని ఐపీ పట్టేస్తానని మా ఐటీ కుర్రాడు అంటున్నాడు. సరేనంటే తప్పా?
- కంపెనీ సెక్రటరీ, హైదరాబాద్

జవాబు: అనకండి. మొబైల్ డేటా వాడేవారిలో ఒకే ఐపీని ఒకే సమయంలో ఎందరో పంచుకుంటారు. అది ఎవరిదో టెలికాం సంస్థ రికార్డుల్లోనే తేలుతుంది, వాటిని మీ కుర్రాడికి ఇవ్వరు. అతను ఇంకో అడుగు ముందుకేసి ఎవరి ఖాతాలోనైనా చొరబడితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు.

దారి కోర్టే. అదీ సులువు కాదు. అమెరికాలో డెండ్రైట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ, యాహూ చర్చా వేదికలో తమ ఆదాయ లెక్కలను తప్పుపట్టిన అజ్ఞాత వ్యక్తి పేరు చెప్పించమని కోర్టుకెక్కింది. ఆ రాతల వల్ల నష్టం జరిగినట్టు చూపలేకపోవడంతో 2001లో న్యూజెర్సీ అప్పీలు కోర్టు కాదంది. అది మన దేశపు తీర్పు కాకపోయినా, "ఏ వాక్యం అబద్ధం, దానికి రుజువేమిటి?" అన్న ప్రశ్న మాత్రం మీకూ ఎదురవుతుంది. ఆ జవాబు చేతిలో ఉంటే దాన్ని ఈ రోజే స్టాక్ ఎక్స్ఛేంజీకి వివరణగా పంపండి. వదంతిని స్వయంగా ఖండించే వెసులుబాటు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల్లోనే ఉంది.

మీ ప్రమోటర్ కూడా మారుపేరుతో బరిలోకి దిగుతానంటే ఆపండి. అమెరికా కిరాణా దుకాణాల సంస్థ హోల్ ఫుడ్స్ అప్పటి అధిపతి జాన్ మ్యాకీ ఏళ్ల తరబడి 'రహోడెబ్' పేరుతో సొంత కంపెనీని పొగుడుతూ, పోటీ సంస్థను తెగుడుతూ రాశాడు. 2007లో బయటపడింది. భార్య పేరు డెబోరాలోని అక్షరాలను తారుమారు చేసి పెట్టుకున్న పేరది!

ప్రశ్న: వీడియోలో జరిగే వార్షిక సమావేశంలో ప్రశ్న అడిగితే నా వివరాలు అందరికీ తెలుస్తాయా?
- ఒక వాటాదారు, వరంగల్

జవాబు: మాట్లాడటానికి పేరు, డీమ్యాట్ నంబరు ఇచ్చి నమోదు చేసుకోవాలి కాబట్టి కంపెనీకి తెలుస్తాయి. మిగతావారికి తెర మీది పేరు, మీ ముఖం, వెనక గోడ కనిపిస్తాయి. గోడ మీద పిల్లల బడి సర్టిఫికెట్లుంటే ముందు అవి తీసేయండి.