‘పంపిన సంఘం’: కర్త ఎవరు?

సందేహం: మా సంఘ వార్షికోత్సవ కరపత్రంలో ‘మిషనల్ చర్చి’ (దేవుని పనిమీద లోకంలోకి వెళ్ళే సంఘం) అన్నదానికి ‘పంపిన సంఘం’ అని రాశాను. ‘మనం ఎవరిని పంపాం?’ అని ఒక పెద్దాయన అడిగారు. ‘పంపబడిన’ అంటే పుస్తక భాషలా ఉంది. ఏది సరి?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

సమాధానం: పెద్దాయన సరిగ్గానే పట్టుకున్నారు. ‘వండిన అమ్మ’ అంటే వండింది అమ్మ. ‘వండిన అన్నం’ అంటే ఎవరో వండినది. అన్నం తనంతట తాను వండదు కాబట్టి అక్కడ చిక్కు లేదు. సంఘం మాత్రం పంపనూ గలదు, తనను ఇంకొకరు పంపనూవచ్చు. అందుకని కర్తను చెప్పి ‘దేవుడు పంపిన సంఘం’ అనండి. ‘పంపబడిన’ తప్పు కాదు గానీ, అందులో పంపినవాడు కనబడడు.

ఇక్కడ ఆయన కనబడి తీరాలి. మిషన్ అనగానే మీ వైపు కాంపౌండు, ఆసుపత్రి, దొరలు గుర్తొస్తారు. జర్మనీలోని బ్రెక్లమ్ నుంచి లూథరన్ మిషనరీలు కొరాపుట్ ప్రాంతానికి 1882లో వచ్చారు. పంపే సంఘం అక్కడ, అందుకునే సంఘం ఇక్కడ అన్నట్టు ఉండేది. 1952లో జర్మనీలోనే విల్లింగెన్ అనే ఊళ్ళో జరిగిన మిషనరీ మహాసభ నుంచి వేరే ఆలోచన బలపడింది: మిషన్ దేవుడిది, కుమారుణ్ణి పంపినవాడే సంఘాన్నీ పంపుతున్నాడు. ఆ లెక్కన పర్లాకిమిడి సంఘం కూడా దేవుడు పంపినదే.

దీనితో పాస్టరుగారి పనీ మారుతుంది. ‘పరిచర్య చేస్తున్నారు’ అని మనం పాస్టర్ల గురించే అంటాం. ఎఫెసీ పత్రిక 4:12లో ‘పరిచర్య ధర్మము జరుగుటకును’ అని ఉంది. ‘జరుగు’ అకర్మక క్రియ, చేసేదెవరో చెప్పదు. గ్రీకు మూలాన్ని చాలామంది పండితులు చదివే తీరులో, కాపరులు విశ్వాసులను సిద్ధం చేస్తారు, పరిచర్య విశ్వాసులు చేస్తారు. నాకూ అదే సబబనిపిస్తుంది. ఆదివారం వాక్యం విన్న టీచరమ్మ సోమవారం సవర గిరిజన పిల్లల ముందు నిలబడుతుంది, వ్యాపారి గుణుపురం సంతకు పోతాడు. అక్కడ వాళ్ళ కష్టమేమిటో, టెన్షనేమిటో పాస్టరుగారు అడిగి తెలుసుకుని, దానికి తగ్గట్టు బోధించాలి. సవర, ఒడియా నేర్చుకొమ్మనీ చెప్పాలి. గిడుగు రామమూర్తిగారు మీ ఊళ్ళోనే ఉండి సవర నేర్చుకున్నారు, ఆ భాషలో పాఠపుస్తకాలు రాశారు.

ఇంకొక మాట. యోహాను 20:21లో ‘తండ్రి నన్ను పంపిన ప్రకారము నేనును మిమ్మును పంపుచున్నాను’ అని యేసు శిష్యులతో అంటాడు. అక్కడి వర్తమానాన్నే తీసుకుని కరపత్రంలో ‘దేవుడు పంపుతున్న సంఘం’ అని వేసుకున్నా చక్కగా ఉంటుంది.