ఎమ్మెల్యే జీతం, అమ్మ కోడిగుడ్ల రిజిస్టరు

‘ఎమ్మెల్యేలు, ఎంపీల జీతాలు, సౌకర్యాలు పన్ను కట్టే సామాన్యుడికి న్యాయమేనా?’ అని అడిగారు. వాళ్లకు జీతం ఇవ్వాల్సిందే, మంచి జీతమే ఇవ్వాలి అనే పక్షం నాది. కానీ ఇప్పుడు ఇస్తున్న పద్ధతి అన్యాయం. అలా ఎందుకంటున్నానో తెలియాలంటే నేను చూసింది కొంచెం చెప్పాలి.

2017, 2018 సంవత్సరాల్లో ఉత్తర తెలంగాణలో ఒక ఎమ్మెల్యే గారి క్యాంప్ ఆఫీసులో పనిచేశాను. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నాను, మా మేనమామ తీసుకెళ్లి పెట్టించాడు. దరఖాస్తులు రాయడం, సీఎం సహాయనిధి ఫారాలు నింపడం, నిమ్స్ ఆస్పత్రిలో ఆపరేషన్ ఉన్నవాళ్లకు ఎల్‌వోసీ (ఖర్చు ప్రభుత్వం భరిస్తుందనే హామీ పత్రం) కోసం హైదరాబాద్‌కు ఫోన్లు కొట్టడం, రాత్రి ఖర్చుల పుస్తకం రాయడం నా పని.

పొద్దున ఆరున్నరకే బయట రేకుల షెడ్డు కింద ముప్పై, నలభై మంది ఉండేవాళ్లు. కళ్యాణలక్ష్మి చెక్కు రాలేదని ఒకరు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని ఒకరు, భూమి పాసుబుక్కులో పేరు తప్పు పడిందని ఇంకొకరు. ఒకనాడు ఒక ముసలామె వచ్చి, ‘సార్ ఉన్నడా బిడ్డా? నా కొడుకు శవం దుబాయ్‌ల ఉన్నది, జర తెప్పియ్యమను’ అని మెట్ల మీద కూలబడింది. చేతిలో కొడుకు పాస్‌పోర్ట్ జిరాక్స్, చెమటకు తడిసి నాలుగు మడతల దగ్గర చిరిగిపోతోంది. ఎంబసీకి ఉత్తరం నేనే టైపు చేశాను. పదిహేడు రోజులకు శవం ఊరికి వచ్చింది. ఆ రోజు పుస్తకంలో ‘మట్టి ఖర్చులు - 10,000’ అని రాశాను.

ఆ పుస్తకం పొడుగు అట్ట రిజిస్టరు. తేదీ, ఊరు, పేరు, దేనికి, ఎంత అని ఐదు గళ్లు. పెళ్లి చదివింపులు, ఆస్పత్రి సాయం, వినాయక చవితి చందాలు, యూత్‌కు వాలీబాల్ కిట్లు, వచ్చినవాళ్లకు చాయ్, రెండు బండ్ల డీజిల్. పెళ్లిళ్ల నెలల్లో మొత్తం మూడు లక్షలు దాటేది. కాబట్టి ‘ఎమ్మెల్యేలు జీతం జేబులో వేసుకుని కూర్చుంటారు’ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నేను చూసిన మనిషి రాత్రి పదకొండింటికి కూడా ఫోన్ ఎత్తేవాడు.

ఇక జీతం సంగతికి వద్దాం. 2016 మార్చిలో తెలంగాణ అసెంబ్లీ చట్టం సవరించుకుని ఎమ్మెల్యే నెల రాబడిని 95,000 నుంచి 2.50 లక్షలకు పెంచుకుంది. ఇందులో అసలు జీతం 20,000 మాత్రమే. మిగతా 2.30 లక్షలు నియోజకవర్గ భత్యం. చూడ్డానికి మామూలు విభజనలాగే ఉంటుంది, కానీ అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. నియోజకవర్గ భత్యం మీద ఆదాయపు పన్ను లేదు. 1961 చట్టంలో సెక్షన్ 10(17) తెచ్చిన మినహాయింపు అది. పన్ను పడేది 20,000 మీదే, అంటే ఏడాదికి 2.40 లక్షలు. అప్పట్లో పన్ను మొదలయ్యేదే 2.50 లక్షల పైన. ఏడాదికి 30 లక్షలు ఖజానా నుంచి తీసుకునే మనిషి, వేరే ఆదాయం లేకపోతే, దాని మీద ఒక్క రూపాయి కూడా పన్ను కట్టక్కర్లేదు. నాకు ప్రైవేట్ ఉద్యోగం వచ్చి మొదటిసారి జీతంలో పన్ను కోత పడ్డ నెలలో ఈ లెక్క గుర్తొచ్చి చాలాసేపు బాధపడ్డాను. ఇంకా చెప్పాలంటే, షెడ్డు కింద నిలబడ్డ ఆ ముసలామె కూడా ఫోన్ రీచార్జ్ చేయించిన ప్రతిసారీ 18 శాతం జీఎస్టీ కడుతుంది.

రెండోది, ఆ 2.30 లక్షలకు బిల్లులు చూపించాల్సిన పని లేదు.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. అమ్మ అంగన్‌వాడీ టీచర్. 2016లో ఎమ్మెల్యేల జీతం పెరిగినప్పుడు అమ్మ గౌరవ వేతనం 7,000. ఆ తర్వాత 10,500 అయింది, 2021లో 13,650కి వచ్చింది. ఆ ప్రతి పెంపుకూ ముందు కలెక్టరేట్ల దగ్గర టెంట్లు వేసుకుని కూర్చున్న రోజులున్నాయి. 2023 సెప్టెంబర్ సమ్మెలో అమ్మ వర్షంలో కూర్చుని జ్వరం తెచ్చుకుంది. ఆమె సెంటర్లో గర్భిణికి, బాలింతకు రోజుకో గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇవ్వాలి. ప్రతి గుడ్డుకూ లెక్క ఉంది. ఎన్ని ట్రేలు వచ్చాయి, ఎవరికి ఇచ్చారు, ఎన్ని మిగిలాయి, ఎన్ని పగిలాయి. పగిలినవి రాసే గడి కూడా ఉంది. ఒకసారి సూపర్‌వైజరమ్మ వచ్చి నాలుగు గుడ్లు తేడా వచ్చాయని రిజిస్టరు మీద ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టింది. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ గుడ్ల ధర ఇరవై రూపాయలు కూడా కాదు.

అదే ఇంట్లో, అదే రాత్రి, పక్క గదిలో నేను ఎమ్మెల్యే గారి పుస్తకం కూడిక వేస్తూ కూర్చున్నాను. రెండూ ప్రజల డబ్బే. ఒకదాన్ని గుడ్డు గుడ్డుకూ లెక్క అడుగుతున్నారు, రెండోదాన్ని అడిగే నాథుడే లేడు. నాకు అన్యాయంగా తోచింది ఇదే, ఇప్పటికీ ఇదే.

‘కోట్లకు కోట్లు తినేస్తున్నారు’ అనే మాట మాత్రం జీతాల విషయంలో నిలబడదు. తెలంగాణలో 119 మంది ఎమ్మెల్యేలు, 40 మంది ఎమ్మెల్సీలు. మనిషికి ఏడాదికి 30 లక్షల చొప్పున మొత్తం 47.7 కోట్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం మనం మూడున్నర కోట్ల మందిమి. తలకు ఏడాదికి పద్నాలుగు రూపాయలు కూడా పడదు. ఈ జీతాలు మొత్తం ఆపేసినా మా ఊరి రోడ్డు బాగుపడదు. పైగా ఆపేస్తే ఎవరొస్తారు? అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు ఎన్నికల సంఘం 2022 నుంచి పెట్టిన పరిమితే 40 లక్షలు. నిజంగా అయ్యే ఖర్చు ఎంతో ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. జీతం కూడా లేకపోతే కాంట్రాక్టర్లు, రియల్ ఎస్టేట్ వాళ్లు తప్ప ఇంకొకరు ఆ వైపు చూడరు. బ్రిటన్‌లో 1838లో కార్మికులు తమ డిమాండ్లతో ప్రజా ఛార్టర్ రాసుకున్నప్పుడు, ఎంపీలకు జీతం ఇవ్వాలన్నది అందులో ఒకటి. కూలివాడు కూడా పార్లమెంటుకు వెళ్లగలగాలని అడిగారు. అది దక్కింది 1911లో. మన దగ్గర ఇల్లెందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య గారు ఆర్టీసీ బస్సులో తిరిగేవారు. అలాంటి మనిషి ఇంట్లో పొయ్యి వెలగాలంటే జీతం ఉండాలి.

ఎంత ఇవ్వాలో ఎవరు తేలుస్తున్నారన్నది ఇంకో ప్రశ్న. రాజ్యాంగం 106వ అధికరణం ఎంపీలకు, 195వ అధికరణం రాష్ట్రాల సభ్యులకు తమ జీతం తామే చట్టం చేసుకునే వీలిచ్చింది. మిగతా అన్ని విషయాల్లో గొంతులు చించుకునే పార్టీలు ఈ బిల్లు దగ్గరికొచ్చేసరికి ఒక్కటవుతాయి. పార్లమెంటు 2018లో కొంత మార్చింది. ఐదేళ్లకోసారి ధరల సూచీని బట్టి జీతం దానంతట అదే పెరిగేలా చేసింది. దాని ప్రకారమే 2025 మార్చిలో ఎంపీ జీతం లక్ష నుంచి 1.24 లక్షలైంది, అది కూడా 2023 ఏప్రిల్ నుంచి లెక్కగట్టి. ప్రతిసారీ ఓటు వేసుకోవడం కంటే ఇది నయం. కానీ ధరలు ఎంపీకి ఒక్కడికే పెరుగుతాయా? అమ్మ వేతనానికి కూడా ఆ సూచీనే కట్టి ఉంటే టెంట్ అవసరం ఉండేది కాదు.

పెన్షన్ దగ్గర నాకు కోపం ఆగదు. మాజీ ఎంపీకి ఇప్పుడు నెలకు 31,000, ఐదేళ్లు దాటిన ప్రతి ఏడాదికీ మరో 2,500. మా నాన్న స్పిన్నింగ్ మిల్లులో ఇరవై మూడేళ్లు చేశాడు, ఈపీఎస్ (ఉద్యోగుల పెన్షన్ పథకం) కింద పెన్షన్ రెండువేల చిల్లర. ఆ పథకంలో కనీస పెన్షన్ 2014లో 1,000 అని పెట్టారు, పదేళ్లు దాటినా అక్కడే ఉంది. 2004 నుంచి కొత్తగా చేరిన ఉద్యోగులకు ప్రభుత్వాలు పాత పెన్షన్ ఆపేశాయి, చట్టసభలు తమ పెన్షన్‌ను మాత్రం అలాగే ఉంచుకున్నాయి. పంజాబ్ 2022లో మాజీ ఎమ్మెల్యేలకు ఎన్నిసార్లు గెలిచినా ఒకటే పెన్షన్ అని మార్చింది. మనవాళ్లు కూడా అది చేయవచ్చు.

నన్నడిగితే ఆ 2.50 లక్షలను తగ్గించమని కూడా అనను. అందులో లక్షో, లక్షన్నరో నేరుగా జీతం అనండి, అందరిలాగే దాని మీద పన్ను పట్టుకోండి. మిగిలింది ఆఫీసు ఖర్చు, బిల్లు పెట్టి తీసుకోమనండి. బ్రిటన్‌లో 2009లో ఎంపీల ఖర్చుల బిల్లుల బాగోతం బయటపడ్డాక వాళ్ల జీతం, ఖర్చులు చూడ్డానికి వేరే సంస్థ పెట్టారు. ఏ ఎంపీ దేనికి ఎంత తీసుకున్నాడో అక్కడ ఎవరైనా చూసుకోవచ్చు.

‘ఊళ్లల్ల పంచే పైసలకు బిల్లులు ఎక్కడ దొరుకుతయ్?’ అని మా పీఏ గారు అనేవారు. కానీ మా పుస్తకంలో పైసాతో సహా ఉండేది. ఏ ఊళ్లో, ఏ ఇంటికి, ఎంత ఇచ్చామో ఎలక్షన్ వచ్చేసరికి సార్ చూసుకోవాలి కదా, అందుకని తప్పు పోనిచ్చేవాళ్లు కాదు. నేను మానేసేనాటికి అలాంటివి ఆరు పుస్తకాలు నిండాయి. ఆఖరి రోజు ఆరూ సంచిలో వేసి పీఏ గారి టేబుల్ మీద పెట్టి వచ్చాను. ట్రెజరీ వాళ్లు ఎప్పుడైనా అడిగి ఉంటే, ఆ సాయంత్రమే పంపించగలిగేవాళ్లం.