మొదటిసారి శివరాత్రి ఉపవాసం ఉండబోయే అమ్మాయికి

చి. ల. సౌ. అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఈసారి ఉపవాసమూ జాగరణా రెండూ ఉంటానని అన్నావట, మీ అమ్మ చెప్పింది. ఉండు. కాకపోతే ఒక సంగతి ముందే తెలుసుకో. ఇది రాత్రి పండగ. పగలంతా పంతానికి చుక్క నీళ్లు ముట్టకుండా ఉండి, పదకొండు కొట్టేసరికి పూజగది గోడకి చేరగిలబడి గురకపెట్టేవాళ్లే ఎక్కువ. అర్ధరాత్రికి ఒళ్లు తేలిగ్గా, తల తేటగా ఉండాలి. కింద రాసినవన్నీ ఆ లెక్కలోనే చదువుకో.

తిథి మాఘ బహుళ చతుర్దశి. ఉత్తరాది క్యాలెండర్లో ఫాల్గుణం అని కనిపిస్తే కంగారుపడకు. వాళ్లకి నెల పౌర్ణమితో ముగుస్తుంది, అందుకే పేరు వేరు, రోజు అదే. పొద్దున్నే ఏ తిథి ఉందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, అర్ధరాత్రికి చతుర్దశి ఉండాలి. 2026లో ఫిబ్రవరి 15 పొద్దున త్రయోదశే, చతుర్దశి వచ్చింది సాయంత్రం. మర్నాడు పగలంతా చతుర్దశి ఉన్నా శివరాత్రి మాత్రం 15నే అయింది.

లింగోద్భవ కాలం, అంటే శివుడు లింగంగా వెలసిన వేళ, సరిగ్గా పన్నెండు గంటలని చాలామంది అనుకుంటారు. సూర్యాస్తమయం నుంచి మర్నాటి సూర్యోదయం దాకా ఉన్న రాత్రిని పదిహేను ముహూర్తాలు చేస్తే నడిమిది, అంటే ఎనిమిదోది, ఆ సమయం. ఫిబ్రవరి మధ్యలో మీ హైదరాబాదులో పొద్దు గూకేది సుమారు 6.20కి, తెల్లవారేది 6.40కి. ఆ లెక్కన 12.05 నుంచి 12.55 దాకా వస్తుంది. జాములు నాలుగూ ఒక్కోటి మూడు గంటల అయిదు నిమిషాలు. 6.20, 9.25, 12.30, 3.35 అని కాగితం మీద రాసి పూజగది తలుపుకి అంటించుకో, నిద్రమత్తులో లెక్కలు తేలవు. పండగ మార్చిలో వస్తే మాత్రం పంచాంగం చూసి మళ్లీ లెక్క కట్టుకోవాలి.

ఉపవాసాన్ని చెడగొట్టేది కాఫీ. ఆకలి ఎలాగోలా ఓర్చుకుంటాం. రోజూ మూడుసార్లు తాగే అలవాటున్నవాళ్లు ఆ రోజే ఒక్కసారిగా మానేస్తే మధ్యాహ్నానికి తల పగిలిపోతుంది, దాన్ని ఉపవాసం మీదికి తోసేస్తారు. నాలుగు రోజుల ముందునుంచీ తగ్గించుకుంటూ రా. రెండుకి దించి, ఒకటికి దించి, ముందురోజుకి అర గ్లాసు చాలు. త్రయోదశినాడు ఒంటిపూట భోజనం. రేపు తినం కదా అని ఈ పూట బస్తా నింపినట్టు తినకు. ఆవకాయ, అప్పడాలు, వేపుళ్లు వద్దు, ఆ ఉప్పు మర్నాడు దాహమై కూర్చుంటుంది. పప్పు, కూర, పెరుగన్నం తిని తొమ్మిదికల్లా పడుకో. ఉపవాసంనాడు పగలు నిద్రపోకూడదని పెద్దల మాట, కాబట్టి నిద్ర నిల్వ చేసుకోవాల్సింది ఆ రాత్రే.

మారేడు దళాలు కూడా ముందే కోసుకోవాలి. చతుర్దశినాడూ సోమవారంనాడూ మారేడు కోయరు. చతుర్దశి రాకముందే కోసి, తడిగుడ్డలో చుట్టి నీడపట్టున పెడితే రెండు మూడు రోజులు వాడవు. మూడాకులు విడిపోకుండా ఉన్నవి, పురుగు కొట్టనివి చూసుకో. కాడ చివర లావుగా ముడిలా ఉండేదాన్ని వజ్రం అంటారు, అది తుంచెయ్యాలి. వేసేటప్పుడు ఆకు నున్నటివైపు లింగానికి తగిలేట్టు బోర్లించి వెయ్యి. ఆకులు తక్కువపడ్డాయని చీకట్లో చెట్లవెంట పడక్కర్లేదు, వేసిన దళాన్నే కడిగి మళ్లీ వెయ్యొచ్చు, దోషం లేదు. మొగలిపువ్వు మాత్రం శివుడికి పనికిరాదు.

ఇక తిండి. అత్తగారిని అడిగి వాళ్ల పద్ధతే పాటించు. మనవైపు చాలా ఇళ్లలో తెల్లవారి స్నానం, నైవేద్యం అయ్యాకే అన్నం తింటారు. తెలంగాణలో చాలాచోట్ల సాయంత్రం దీపం పెట్టి పళ్లూ, ఉడకబెట్టిన కందగడ్డలూ తిని ఒక్కపొద్దు విడుస్తారు, తర్వాత జాగరణ. వాళ్లు కందగడ్డ అన్నప్పుడు నువ్వు మన కందని తెచ్చి ఉడకబెట్టేవు, వాళ్లు అనేది చిలగడదుంపని! ఏ పద్ధతైనా సరే గానీ, మొదటిసారే నిర్జలం వద్దు. లేచినప్పటినుంచి గంటన్నరకో గ్లాసు చొప్పున రోజూ పడుకునే వేళ దాకా రెండు లీటర్ల పైచిలుకు నీళ్లు పడాలి. మధ్యాహ్నం సైంధవ లవణం చిటికెడు వేసిన పల్చటి మజ్జిగ ఒక గ్లాసు తాగితే సాయంత్రం కళ్లు తిరగవు. ఖాళీ కడుపున బత్తాయి, కమలా, ద్రాక్ష తింటే గుండెల్లో మంట ఖాయం, అరటిపండో బొప్పాయో తిను.

సాయంత్రం తినేది కొద్దిగా తిను. మనిషికి ఒక మోస్తరు చిలగడదుంప, ఒక పండు, ఒక గ్లాసు పాలు, అంతే. సగ్గుబియ్యం కిచిడీ పెద్ద గిన్నెడు లాగిస్తే అది కర్రపెండలం పిండే కదా, పొట్ట బరువై పదిన్నరకే రెప్పలు వాలతాయి. ఉపవాసమనే పేరుతో నూనెలో వేయించినవి తినడం కన్నా శుభ్రంగా అన్నం తినేసి కూర్చోవడమే మేలని నా అభిప్రాయం.

అభిషేకానికి లీటర్లకి లీటర్లు పాలు పొయ్యకు. ఇంట్లో లింగం బొటనవేలంత ఉంటుంది, దానికి చిన్న గిన్నెడు చాలు. మొదటి జాముకి పాలు, రెండోదానికి పెరుగు, మూడోదానికి నెయ్యి, నాలుగోదానికి తేనె, ప్రతిదాని తర్వాతా మంచినీళ్లు. నెయ్యి, తేనె రెండేసి చెంచాలు సరిపోతాయి. రాగి చెంబు నీళ్లకే వాడు. పెరుగూ పాలూ అందులో ఉంచితే పులుపుకి రాగి చిలుమెక్కి పాడవుతాయి, వెండిదో స్టీలుదో తీసుకో. నెయ్యి దగ్గరే అందరూ తిప్పలు పడతారు. ఆ చలిలో పేరుకుపోయి లింగానికి అంటుకుంటుంది, చన్నీళ్లకి వదలదు. గోరువెచ్చగా కరిగించి పొయ్యి, తర్వాత కాస్త శనగపిండి రుద్ది గోరువెచ్చటి నీళ్లతో కడుగు. స్ఫటిక లింగమైతే వేడినీళ్లు అసలొద్దు, పగులుతుంది. తేనె సరిగ్గా కడక్కపోతే తెల్లారేసరికి పూజగది నిండా చీమలు. అలంకారానికి విభూతి, గంధం. తీర్థం పుచ్చుకోగా మిగిలిన అభిషేక జలాన్ని తులసికుండీలో పొయ్యకు, పాలూ నెయ్యీ కలిసిన నీళ్లకి వేరు కుళ్లుతుంది. పెద్ద చెట్టు మొదట్లో పొయ్యి.

నాలుగు జాములూ చెయ్యలేకపోతే మొదటిదీ, లింగోద్భవ కాలందీ చెయ్యి. మిగతా రెండిటికీ నీళ్లూ దళమూ చాలు.

జాగరణలో అసలు గండం రెండున్నర నుంచి నాలుగున్నర దాకా. దానికి పని మిగుల్చుకోవాలి. మాల మీద పంచాక్షరి తాపీగా తిప్పితే ఒక మాలకి అయిదారు నిమిషాలు, పది మాలలకి గంట. రుద్రుడి మీది వేదమంత్రాలు నమక చమకాలకి అరగంట పడుతుంది. వీటిని సాయంత్రమే ముగించేసి అర్ధరాత్రి తర్వాత చేతులు ఊపుకుంటూ కూర్చుంటే నిద్ర రాక ఏమవుతుంది? కొంత జపం, పారాయణం మూడో జాముకి దాచు. గోడకి ఆనుకోకు, కూర్చుని కూర్చుని కాళ్లు పట్టేస్తే లేచి నడువు, చన్నీళ్లతో మొహం కడుక్కో. వెనకటికి శివరాత్రికి సినిమా హాళ్లలో తెల్లవార్లూ ఆటలు వేసేవాళ్లు, ఇప్పుడు ఆ పని ఫోన్లు చేస్తున్నాయి. మెలకువ అంటే అదీ మెలకువే గానీ జాగరణ కాదు. దీపాన్ని కర్టెన్లకి దూరంగా వెడల్పు పళ్లెంలో పెట్టు, కునుకు చెప్పి రాదు.

గుడికి వెళ్లాలంటే పగలు తొందరగా వెళ్లి వచ్చెయ్యి. శ్రీశైలం, వేములవాడ, కీసరగుట్ట లాంటిచోట ఆ రోజు క్యూలో గంటలు గడుస్తాయి, ఖాళీ కడుపుతో అది నీవల్ల కాదు. ప్రదక్షిణలో అభిషేకం నీళ్లు బయటికి వచ్చే సోమసూత్రాన్ని దాటకు, అక్కడిదాకా వెళ్లి వెనక్కి తిరుగు.

మీ మామగారికి షుగరుంది కదా. ఆయన ఉపవాసం మాట డాక్టరుగారిని ముందే అడగమను, ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వేసుకుంటూ తిండి మానడం ప్రమాదం. మాత్ర నీళ్లతో మింగినంత మాత్రాన వ్రతం చెడదు. చెమటలు పట్టినా, చేతులు వణికినా, చూపు మసకేసినా ముహూర్తం చూడక్కర్లేదు, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగించి, ఆనక ఏదైనా తినిపించండి. తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కడుపుతో ఉన్నవాళ్లూ, చంటిపిల్లల తల్లులూ ఉపవాసం జోలికి పోనక్కర్లేదు, పూజ చేసుకుంటే చాలు.

పొద్దున్నే స్నానం చేసి, వండి, నైవేద్యం పెట్టి అప్పుడు పారణ, అంటే ఉపవాసం విడవడం. పారణ వేళ పంచాంగంలో ఉంటుంది, చతుర్దశి పొద్దున్నే వెళ్లిపోయే ఏడు వంట ఆలస్యం కాకుండా చూసుకో. ముందు రెండు గుక్కలు పల్చటి మజ్జిగ, తర్వాత మెత్తగా ఉడికిన అన్నంలో పప్పూ నెయ్యీ. పులిహోర, గారెలు రాత్రికి చేసుకోండి. రాత్రంతా మేలుకున్నవాణ్ణి బండి తియ్యనివ్వకు, మీ ఆయన ఆఫీసుకి వెళ్లాలంటే ఆటోలో వెళ్లమను. మధ్యాహ్నం గంటన్నర పడుకో, సాయంత్రం దాకా పడుకుంటే ఆ రాత్రి మళ్లీ జాగరణే.

దళాలు కోయడానికి పిల్లల్ని పంపకు, మారేడు చెట్టుకి ముళ్లుంటాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ