గోడే అంటించుకుంటుంటే స్టాటిన్ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 52. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 148 ఉంది, షుగర్ లేదు, బీపీ కాస్త ఎక్కువే. మా నాన్నగారికి 54 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. డాక్టర్ దాన్ని తగ్గించే స్టాటిన్ మాత్ర రాశారు. అయితే రక్తనాళాలు పూడుకుపోవడానికి అసలు కారణం కొలెస్ట్రాల్ కాదని, నాళం గోడలో ఉండే ప్రోటియోగ్లైకాన్లని ఈమధ్య చదివి మూడు వారాలుగా మాత్ర మానేశాను. మోకాళ్ల నొప్పికి కాండ్రాయిటిన్ వాడుతున్నాను, అదీ ఆ జాతిదేనట. అది గుండె నాళాల్లో పేరుకుంటుందా?

జవాబు: మీరు చదివింది అబద్ధమేమీ కాదండీ. కాకపోతే సగం దగ్గరే ఆపేసి మాత్ర మానేశారు, నాకు టెన్షన్ అక్కడే.

రక్తనాళం గోడలో కణాల మధ్య ఖాళీ ఉండదు. కొలాజెన్, ఎలాస్టిన్ పోగులు, వాటి సందుల్లో నీళ్లు పీల్చుకున్న జెల్లీలాంటి పదార్థం ఉంటాయి. ప్రోటియోగ్లైకాన్లు ఉండేది ఆ జెల్లీలోనే. ఒక్కోటి సీసాలు కడిగే బ్రష్‌లా ఉంటుంది, మధ్యలో ప్రోటీన్ కాడ, దానికి వేలాడుతూ పొడుగాటి చక్కెర గొలుసులు, ఆ గొలుసుల నిండా నెగెటివ్ ఛార్జ్. నీటిని పట్టి ఉంచేది ఆ ఛార్జే, గుండె కొట్టుకున్న ప్రతిసారీ నాళం ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి ఆ తడి కావాలి. అంటే ఇవి లేకపోతే మనకు గడవదు.

మరి చిక్కెక్కడ? ఎల్‌డీఎల్ రేణువు మీద అపోబీ-100 అనే ప్రోటీన్ ఉంటుంది, దాని మీద కొన్నిచోట్ల పాజిటివ్ ఛార్జ్. మామూలుగా ఎల్‌డీఎల్ గోడలోకి వస్తూ పోతూ ఉంటుంది, కానీ బైగ్లైకాన్, వెర్సికాన్ లాంటి ప్రోటియోగ్లైకాన్లు ఎదురైతే ముళ్లకంపకు గుడ్డ పట్టుకున్నట్టు వాటి గొలుసులకు చిక్కుకుపోతుంది. చిక్కుకున్నది అక్కడే పాడవుతుంది, దాన్ని మింగడానికి తెల్లకణాలు వస్తాయి, మింగి మింగి కొవ్వుతో ఉబ్బి అవీ అక్కడే కూలబడతాయి. పూడిక మొదలయ్యేది ఇలా. కెవిన్ జాన్ విలియమ్స్, ఇరా టబాస్ అనే పరిశోధకులు 1995లో ఈ మాట గట్టిగా చెప్పారు. 2002లో ఎలుకల మీద తేలింది కూడా: అపోబీలో ఆ అతుక్కునే చోటు మార్చిన ఎలుకల్లో పూడిక బాగా తగ్గింది.

ఇంతవరకూ చదివితే తప్పంతా గోడదే అనిపిస్తుంది, నిజమే. కానీ కంపకు పట్టుకోవడానికి గుడ్డంటూ ఉండాలి కదా! ఎల్‌డీఎల్ పుట్టుకతోనే విపరీతంగా ఉండే జన్యులోపం ఉన్న పిల్లల్లో కొందరికి ఇరవై ఏళ్లు నిండకముందే గుండెపోటు వస్తుంది, గుడ్డ ఎక్కువైతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. గోడకున్న ఆ పట్టును వదిలించే మందు ఈరోజుకి మా చేతిలో లేదు, ఎల్‌డీఎల్‌ను తగ్గించే మందు ఉంది. ఉన్న మందు మానేసి లేని మందు కోసం కూర్చుంటారా?

మీ బీపీ సంగతి కూడా వదలకండి. బీపీని పెంచే యాంజియోటెన్సిన్ అనే హార్మోను తగిలితే నాళంలోని కండర కణాలు ఎల్‌డీఎల్‌ను ఇంకా గట్టిగా పట్టుకునే ప్రోటియోగ్లైకాన్లను తయారు చేస్తాయని ల్యాబ్‌లో చూశారు.

ఇక కాండ్రాయిటిన్, ఇది ఆ చక్కెర గొలుసుల్లో ఒక రకం. గోడలో ఉండే గొలుసులను అక్కడి కణాలే అక్కడికక్కడ తయారు చేసుకుంటాయి, మీరు మింగిన మాత్ర చాలావరకు పేగుల్లోనే ముక్కలైపోతుంది. అది వెళ్లి నాళాల్లో పేరుకుంటుందని ఆధారం లేదు. మోకాళ్లకైనా దాని వల్ల పెద్ద ఉపయోగం ఉందని నాకైతే నమ్మకం లేదు, అది వేరే సంగతి. ఒక్క జాగ్రత్త: రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఇది వేసుకోకూడదు, రక్తం మరీ పలచబడొచ్చు. అన్నట్టు, మోకాలి మృదులాస్థిలో మెత్తలా పనిచేసే అగ్రికాన్ అనే ప్రోటియోగ్లైకాన్, ఉబ్బిపోయిన బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) గోడలో కుప్పలుగా కనిపిస్తుంది. కీలులో మేలు చేసేదే అక్కడ గోడ బలహీనపడిందనడానికి గుర్తు. దానికీ మీ మాత్రకూ సంబంధం లేదు, కంగారుపడకండి.

54 ఏళ్లకే నాన్నగారికి గుండెపోటు, మీకు బీపీ, ఎల్‌డీఎల్ 148. ఈ మూడూ కలిస్తే మీ డాక్టర్ స్టాటిన్ రాయడంలో నాకు తప్పేమీ కనిపించడం లేదు. మానేసిన సంగతి దాచకుండా ఈరోజే ఆయనకు ఫోన్ చేసి మళ్లీ మొదలుపెట్టండి. ఒంటినొప్పులేవైనా ఉండి మానేసి ఉంటే అదీ చెప్పండి, మోతాదు గానీ మందు గానీ మార్చొచ్చు. మొదలుపెట్టాక 4 నుంచి 12 వారాల్లోపు ఎల్‌డీఎల్ మళ్లీ చూపించుకోండి. ఈలోగా నడిచినప్పుడు ఛాతీలో బిగుతుగా అనిపిస్తే మాత్రం ఆ రిపోర్టు కోసం ఆగకండి.