ఏఐ కోర్సా, ఫుల్ స్టాకా? ఫీజు కట్టే ముందు ఒక మాట

ప్రశ్న: సార్, మాది దామలచెరువు. మామిడి మండీ నడుపుతున్నాను. మా అబ్బాయి తిరుపతి దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ మూడో సంవత్సరం పూర్తి చేశాడు. బెంగళూరులో ఆరు నెలల ఏఐ-ఎంఎల్ (మెషీన్ లెర్నింగ్) కోర్సుకు 2 లక్షల 40 వేలు అడుగుతున్నారు. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు. మా బావమరిది కొడుకు అందులోనే చేరాడు. జావా ఫుల్ స్టాక్ (తెర మీద కనిపించేది, వెనక నడిచేది రెండూ రాయడం నేర్పే కోర్సు) అయితే 60 వేలతో అయిపోతుంది. ఏఐ వచ్చి మామూలు కోడింగ్ ఉద్యోగాలు పోతాయంటున్నారు. దేనికి స్కోప్ ఎక్కువ? అప్పు చేసైనా మంచిదాంట్లో చేర్పించాలని నిర్ణయించుకున్నాం.

జవాబు: రెండు కోర్సుల పోలిక తర్వాత చెప్తాను, ముందు మీ భయం సంగతి చూద్దాం. ఏటా ఈ రోజుల్లో తిరుపతి, చిత్తూరు, పుత్తూరు వైపు నుంచి నాకు ఇదే ప్రశ్న వస్తుంది. కోర్సు పేరు ఒక్కటే మారుతుంది. ఒకప్పుడు డాట్ నెట్, తర్వాత హడూప్, బ్లాక్‌చెయిన్, డేటా సైన్స్, ఇప్పుడు ఏఐ. అడిగేవాళ్ల మనసులో ఉన్నది మాత్రం ఒకటే: ఇన్ని ఫీజులు కట్టాం, పిల్లాడు ఉద్యోగం లేకుండా ఇంట్లో కూర్చుంటే ఎట్లా? మీ భయం అర్థం లేనిది కాదు. ఫ్రెషర్లను తీసుకోవడం 2021-22లో ఉన్నంత జోరుగా ఇప్పుడు లేదు. చిన్నాచితకా కోడు ఏఐ టూల్స్ నిమిషంలో రాసిచ్చేస్తున్నాయి. ఇది దాచిపెట్టి మీకు ధైర్యం చెప్పను.

కానీ కోడు టైప్ చేయడం ఈ ఉద్యోగంలో ఒక భాగమే. మిగతాది ఏమిటో మీ మండీలోనే చూపిస్తాను. సీజన్లో ట్రాక్టరు మీద తోతాపురి వస్తుంది, కాటా వేస్తారు, తరుగు తీస్తారు, కమిషన్, హమాలీ కూలి పట్టుకుంటారు, రైతు ముందే తీసుకున్న అడ్వాన్సు ఉంటే అదీ పోను మిగిలింది ఇస్తారు. పొద్దున ఒక రేటు, సాయంత్రానికి ఇంకో రేటు. దీనికి బిల్లింగ్ ప్రోగ్రాం రాయమంటే ఏఐ టూల్ చకచకా రాసేస్తుంది. అయితే పొద్దున కాటా వేసిన సరుక్కి సాయంత్రం రేటు పడకూడదని ఎవరు చెప్పాలి? అడ్వాన్సు ఒకేసారి కోసుకోవాలా, మూడు లోడ్లకు సర్దాలా అని రైతుతో ఉన్న మాట ఎవరికి తెలుసు? ఇది అడిగి తెలుసుకుని, ప్రోగ్రాంలో పెట్టి, తప్పు పడట్లేదని పరీక్షించి అప్పగించేవాడికే వ్యాపారి డబ్బిస్తాడు. ఏ భాషలో రాశావని ఆయన అడగడు. లెక్క తేలిందా, రైతుతో గొడవ తప్పిందా, గుమాస్తాకు రాత్రి రెండు గంటల పని తగ్గిందా అని అడుగుతాడు. పెద్ద కంపెనీల్లోనూ సాఫ్ట్‌వేర్‌కు విలువ కట్టేది ఇలాగే.

పని పద్ధతి సరిగా లేకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెప్తాను. అమెరికాలో నైట్ క్యాపిటల్ అని షేర్ల వ్యాపారం చేసే కంపెనీ ఉండేది. 2012 ఆగస్టు 1కి ముందు కొత్త కోడును ఎనిమిది సర్వర్లలో పెట్టాల్సి ఉంటే ఏడింట్లోనే పెట్టారు. ఎనిమిదో దాంట్లో వాడకం మానేసిన పాత కోడు అలాగే ఉండిపోయింది. మార్కెట్ తెరవగానే అది నిద్రలేచి ఇష్టమొచ్చినట్టు కొనుగోళ్లు, అమ్మకాలు మొదలుపెట్టింది. ముప్పావు గంటలో సుమారు 44 కోట్ల డాలర్ల నష్టం. మరుసటి ఏడాదికల్లా ఆ కంపెనీ ఇంకో కంపెనీలో కలిసిపోయింది. అక్కడ తెలివైన ప్రోగ్రామర్లకు కొదవ లేదు. ఎనిమిది చోట్లా పడిందా అని రెండో మనిషి సరిచూసే అలవాటే లేకపోయింది. ఏఐ కోడు కుప్పలు తెప్పలుగా రాస్తున్న ఈ రోజుల్లో అలా సరిచూసే మనిషి అవసరం ఇంకా ఎక్కువ. మీ వాడికి చోటు అక్కడ ఉంది.

ఇక ఏఐ-ఎంఎల్ కోర్సు మీద నా అనుమానాలు. డేటా నుంచి నేర్చుకుని అంచనా చెప్పే ప్రోగ్రామును మోడల్ అంటారు. అది ఎలా పనిచేస్తుందో, ఎందుకు తప్పు చెబుతుందో అర్థం కావాలంటే లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ గట్టిగా రావాలి. ఆరు నెలల్లో అవి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. రెడీమేడ్ లైబ్రరీని, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడును, పిలిచి నాలుగు లైన్లు రాయడం, ఇంటర్నెట్లో అందరికీ దొరికే డేటా మీద ప్రాజెక్టు చేయడం నేర్పుతారు. బ్యాచ్‌లో అందరి రెజ్యూమేలోనూ అవే ఇళ్ల ధరల అంచనా, టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతికారనే అదే లెక్క. ఇంటర్వ్యూ చేసేవాళ్లు అవి చూసి చూసి విసిగిపోయారు. మోడల్స్ తయారుచేసే అసలు ఉద్యోగాలకు ఎక్కువగా ఎంటెక్, పీహెచ్‌డీ వాళ్లనే చూస్తారు. మీవాడికి నిజంగా ఆ లెక్కలంటే ఇష్టముంటే గేట్ రాసి ఎంటెక్‌కు వెళ్లాలి. అది రెండేళ్ల దారి. దానికి ఆరు నెలల అడ్డదారి ఉందని చెప్పేవాళ్లను నేను నమ్మను. గ్యారంటీ కాగితం కూడా తెచ్చుకుని చదవండి. 'ఇంటర్వ్యూలు ఏర్పాటు చేస్తాం' అని ఉందా, 'ఉద్యోగం రాకపోతే డబ్బు వెనక్కి' అని ఉందా? ఎన్ని షరతులున్నాయి? నేను చూసిన వాటిలో ఎక్కువ మొదటి రకమే.

మీతో కొంచెం కటువుగానే మాట్లాడాలి. మీ ఉత్తరంలో ఫీజు ఉంది, బావమరిది కొడుకు ఉన్నాడు, అప్పు ఉంది. మీ అబ్బాయి ఏమనుకుంటున్నాడో ఒక్క మాట లేదు. వాడికి ఏ సబ్జెక్టు నచ్చింది, సొంతంగా ఏదైనా ప్రోగ్రాం రాశాడా, ఎక్కడ ఆగిపోతున్నాడు? 'నిర్ణయించుకున్నాం' అన్నారు, ఆ నిర్ణయంలో వాడు ఉన్నాడా? ఇరవై ఏళ్ల కుర్రాడి నెత్తిన 2 లక్షల 40 వేల అప్పు పెడితే చదువు మీద కన్నా మీ ముఖం మీదే వాడి ధ్యాస ఉంటుంది. ఉద్యోగం కాస్త ఆలస్యమైతే ఇంటికి ఫోన్ చేయడానికే భయపడతాడు. అలాంటి పిల్లలు నా ముందు కూర్చుని ఏడ్చారు. దయచేసి ఈ పని చేయకండి.

పోలిక అడిగారు కదా. ఆ రెండింట్లో ఫుల్ స్టాకే నయం, ఎందుకంటే ఒక పని మొదలు నుంచి చివరిదాకా ఎలా నడుస్తుందో చూపిస్తుంది. కానీ అదీ ఇప్పుడే కొనక్కర్లేదు. ఐఐటీల ప్రొఫెసర్లు చెప్పే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. కోడులో చేసిన ప్రతి మార్పునూ భద్రపరిచే గిట్ 2005 నుంచి అందరికీ ఉచితంగా ఉంది. ఇంటర్వ్యూకు వచ్చే కుర్రాళ్లలో దాన్ని సరిగ్గా వాడగలిగేవాళ్లు ఇప్పటికీ తక్కువే.

వాడికి ఇష్టమైతేనే సుమా, ఈ సెలవుల్లో మీ మండీ లెక్కల ప్రోగ్రాం వాణ్నే రాయమనండి. ఏఐ టూల్ వాడుకోనివ్వండి, తప్పేం లేదు. అది రాసిన ప్రతి లైనూ ఎందుకుందో చెప్పగలగాలి, అంతే షరతు. మొత్తం ఒకేసారి కాదు, మొదటి వారం కాటా చీటీ ఒక్కటే. అది నడిచాక తరుగు, కమిషన్, ఆ తర్వాత అడ్వాన్సులు. ఇలా ముక్కలుగా చేసి, వాడేవాళ్ల చేతిలో పెట్టి, వాళ్లు చెప్పింది విని సరిదిద్దుకోవడమే మంచి కంపెనీల్లో జరిగే పని. క్యాంపస్ ఇంటర్వ్యూలో 'ప్రాజెక్టు గురించి చెప్పు' అన్నప్పుడు వాడి దగ్గర ఇంకెవరి దగ్గరా లేని జవాబు ఉంటుంది.

గుమాస్తాకు ముందే చెప్పి పెట్టండి, కుర్రాడు వంద ప్రశ్నలు అడుగుతాడు, విసుక్కోవద్దని. మొదటి సీజన్ చీటీ పుస్తకం ఆపకండి, రెండూ పక్కపక్కనే నడపండి. ఏ రోజు ఎక్కడ తేడా వచ్చిందో వాడినే వెతకమనండి, మీరు సరిదిద్దకండి.