18-55 తర్వాత 50 ఎంఎం తీసుకోవాలా, 70-300 తీసుకోవాలా? కొన్న లెన్స్ బాగుందో లేదో ఎలా చూసుకోవాలి?

మీరు చెప్పినదాన్నిబట్టి మీది ఏపీఎస్-సీ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్ కంటే చిన్నది) ఉన్న డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకోగల కెమెరా). ఏడాదిగా కెమెరాతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఒక్కటే వాడుతున్నారు. ఇంట్లో తీసే పిల్లల ఫోటోలు బ్లర్ అవుతున్నాయి, బయట పక్షులేమో మరీ చిన్నగా వస్తున్నాయి. 50 ఎంఎం ఎఫ్/1.8 (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది), దూరంగా ఉన్నవాటిని పెద్దగా చూపే 70-300 జూమ్, రెండూ నేను కొని వాడాను. ఇప్పుడు నా కెమెరాకి ఎక్కువ రోజులు ఉండేది మాత్రం 35 ఎంఎం. అక్కడికి ఎలా చేరానో చెబితే మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఏదైనా కొనే ముందు, మీకు బాగా నచ్చిన ఫోటోలు ఓ వంద పక్కన పెట్టి, ఒక్కోటీ ఏ ఫోకల్ లెంగ్త్‌లో (ఎంఎంలో చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ ఫ్రేమ్‌లో తక్కువ పడుతుంది) తీశారో చూడండి. ఫోటో వివరాలు తెరిస్తే అది కనిపిస్తుంది. నేను ఈ లెక్క 50 కొన్న ఆరు నెలలకి వేశాను. నాకు నచ్చినవాటిలో సగానికి పైగా 20కీ 35కీ మధ్య తీసినవే. మనుషులకి దగ్గరగా వెళ్లి, వాళ్ల వెనక ఉన్న గది కూడా కనిపించేలా తీయడం నాకు అలవాటని అప్పుడు అర్థమైంది. 50 కొన్నది మాత్రం అందరూ అదే కొనమన్నారని.

ఆ తర్వాత ఇంకో పని. మీ 18-55 జూమ్ రింగ్‌ని 35 దగ్గర పెట్టి, కదలకుండా చిన్న టేపు ముక్క అంటించండి. వారం రోజులు అలాగే తీయండి. తర్వాతి వారం 50 దగ్గర అంటించండి. వెలుతురు, వెనకాల వచ్చే బ్లర్ సంగతి దీంతో తెలియదు గానీ, ఎంత దూరంలో నిలబడాలి, ఫ్రేమ్‌లో ఏం పడుతుంది, ఏం పడదు అన్నది కాళ్లకి తెలుస్తుంది. లెన్స్ మారితే ముందుగా మారేది మనం నిలబడే చోటే. ఏపీఎస్-సీలో 50 అంటే ఫుల్ ఫ్రేమ్ మీద 75 ఎంఎంలా కనిపిస్తుంది, కెనాన్ బాడీ అయితే 80లా. మా హాల్లో గోడకి వీపు ఆనించి నిలబడినా సోఫాలో పక్కపక్కన కూర్చున్న ముగ్గురూ ఫ్రేమ్‌లో పట్టేవాళ్లు కాదు. ఒక్కరి ముఖం తీయడానికి మాత్రం అది చాలా బాగుంటుంది. 35తో ముఖం అంతే పెద్దగా రావాలంటే బాగా దగ్గరికి వెళ్లాలి, అప్పుడు ముక్కు కొంచెం పెద్దదిగా కనిపిస్తుంది.

ఇక మీ బ్లర్ సమస్య. 55 దగ్గర కిట్ లెన్స్ ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్/1.8 దగ్గర దానికి తొమ్మిది రెట్లకి పైగా వెలుతురు వస్తుంది. 1/30 సెకను దగ్గర ఆగిపోయిన షట్టర్ స్పీడ్‌ని ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) పెంచకుండానే 1/250కి తీసుకెళ్లొచ్చు. కిట్ లెన్స్‌లో ఉండే స్టెబిలైజేషన్ మన చేతి వణుకుని ఆపుతుంది గానీ పరిగెత్తే పిల్లని ఆపలేదు. కాబట్టి ఇంట్లో ఫోటోలకి ఎఫ్/1.8 లెన్స్ కావాలన్న మీ ఆలోచన సరైనదే.

కానీ అది వచ్చిన మొదటి రోజు నిరాశ పడకండి. నేను చాలా పడ్డాను. మా అక్క కూతుర్ని ఓ అరవై ఫోటోలు తీస్తే, దాదాపు అన్నిటిలో ముక్కో జుట్టో షార్ప్‌గా ఉంది, కళ్లు బ్లర్. లెన్స్‌లోనే లోపముందని నిర్ణయించుకుని, వెనక్కి పంపడానికి ప్యాక్ కూడా చేశాను. పంపే ముందు ఎందుకో ఒకసారి సరిగ్గా పరీక్షిద్దామనిపించింది. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, టేబుల్ మీద ఐదు పుస్తకాలు ఒకదానికంటే ఒకటి కొంచెం వెనగ్గా, పక్కపక్కన నిలబెట్టి, నడిమి పుస్తకం అట్ట మీద ఫోకస్ చేసి ఎఫ్/1.8లో తీశాను. నడిమి పుస్తకమే షార్ప్‌గా వచ్చింది. పదిసార్లు తీసినా అంతే.

తప్పు నా పద్ధతిలో ఉంది. ఏపీఎస్-సీ మీద 50 ఎంఎం, ఎఫ్/1.8, ఒక మీటరు దూరం. అప్పుడు షార్ప్‌గా ఉండే మందం మొత్తం దాదాపు 3 సెంటీమీటర్లు. నేను ఫోకస్ చేశాక పిల్ల తల కాస్త ముందుకి వంచినా కళ్లు ఆ మందం దాటిపోతాయి. పైగా ఫోకస్ ఎక్కడ పెట్టాలో కెమెరాకే వదిలేశాను, అది దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకుంటోంది. ఒక్క ఫోకస్ పాయింట్ ఎంచుకుని కంటి మీద పెట్టడం, కదిలే పిల్లలకి కంటిన్యువస్ ఫోకస్ (కదిలేదాన్ని వెంబడించే ఫోకస్) వాడటం, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/2.8కి తగ్గించడం, ఈ మూడూ చేశాక అదే లెన్స్‌తో కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపించాయి. ఆ ఫోటో ఇప్పటికీ మా అక్క ఫోన్ వాల్‌పేపర్.

మీది డీఎస్ఎల్ఆర్ కాబట్టి ఈ పుస్తకాల పరీక్షని వ్యూఫైండర్‌తో ఒకసారి, లైవ్ వ్యూతో (వెనక తెర మీద చూస్తూ) ఒకసారి చేయండి. లైవ్ వ్యూలో సరిగ్గా ఉండి, వ్యూఫైండర్‌తో తీసినప్పుడు మాత్రం ప్రతిసారీ ముందు పుస్తకమో వెనక పుస్తకమో షార్ప్‌గా వస్తుంటే, లెన్స్‌కీ బాడీకీ ఫోకస్ కుదరలేదని అర్థం. కొన్ని బాడీల్లో దాన్ని మెనూలోనే సరిచేసుకోవచ్చు, లేకపోతే సర్వీస్ సెంటర్‌కి ఇవ్వాలి.

ఇటుక గోడ పరీక్ష కూడా ఒక్కసారి చేయండి. కెమెరా గోడకి సమాంతరంగా ఉండాలి, స్టెబిలైజేషన్ ఆఫ్, రెండు సెకన్ల టైమర్, అపర్చర్ పూర్తిగా తెరిచి. నాలుగు మూలలూ సమానంగా కాస్త మెత్తగా ఉంటే కంగారు పడక్కర్లేదు, తక్కువ ధర లెన్సుల్లో అది మామూలే. ఒక్క మూలే బాగా బ్లర్ అయితే కెమెరాని తలకిందులుగా తిప్పి మళ్లీ తీయండి. రెండుసార్లూ ఫోటోలో అదే మూల బ్లర్ అయితే లోపల గాజు పక్కకి జరిగి ఉండొచ్చు, మార్చమని అడగండి. గోడలో అటు చివర ఇటుకలే మళ్లీ బ్లర్ అయితే మీరు కెమెరా వంకరగా పెట్టారన్నమాట.

కొన్ని కంపెనీల్లో 35 ధర 50 కంటే ఎక్కువెందుకని మీకు అనిపించొచ్చు. 50 ఎఫ్/1.8 లెన్సులు చాలా వరకు 1896లో జైస్ సంస్థలో పాల్ రూడాల్ఫ్ రూపొందించిన ప్లానార్ నమూనా నుంచి వచ్చినవి. కొద్దిపాటి గాజు కటకాలతోనే మంచి బొమ్మ ఇచ్చే నమూనా అది. డీఎస్ఎల్ఆర్‌లో అద్దం కదలడానికి లెన్స్ వెనక చోటు వదలాలి కాబట్టి, 35 అంటే నిర్మాణం కాస్త క్లిష్టం అవుతుంది. నాకు ఆ వ్యత్యాసం ఇవ్వదగినదే అనిపించింది.

పక్షుల సంగతికొస్తే, 70-300తో అంతా అయిపోతుందనుకోకండి. పిచ్చుక సుమారు 15 సెంటీమీటర్లు ఉంటుంది. అది 10 మీటర్ల దూరంలో ఉంటే 300 ఎంఎం దగ్గర కూడా ఫ్రేమ్ వెడల్పులో దాదాపు ఐదో వంతే వస్తుంది. నేను చాలా రోజులు పక్షుల వెనక తిరిగి, చివరికి ఒకచోట కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నాను. ఓ అరగంట కూర్చుంటే అవే ఐదు మీటర్లలోకి వస్తాయి. 300 దగ్గర చేత్తో పట్టుకుని తీయాలంటే కనీసం 1/500 పెట్టుకోండి, ఎగిరే పక్షికి 1/1000 పైనే. మిట్టమధ్యాహ్నం దూరంగా ఉన్నవాటిని తీస్తే నేల వేడికి గాలి అలలాడి ఫోటో మెత్తబడుతుంది, దానికి లెన్స్ ఏమీ చేయలేదు. నా 70-300 మెత్తగా తీస్తోందని నెలల తరబడి బాధపడ్డాక, ముందు బిగించిన చవక యూవీ ఫిల్టర్ తీసేస్తే చాలా వరకు బాగుపడింది.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేట్లయితే చీకటి గదిలో ఫోన్ టార్చ్‌ని లెన్స్ వెనక నుంచి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. నాలుగు దుమ్ము చుక్కలు ఉన్నా ఏమీ కాదు. సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. నేను చూడకుండా అలాంటిదొకటి తీసుకున్నాను, వెలుతురుకి ఎదురుగా తీసిన ప్రతి ఫోటో తెల్లగా వెలిసిపోయినట్టు వచ్చేది. అమ్మినతను వెనక్కి తీసుకోలేదు. ఇంకో విషయం, మీది నికాన్ డి3000 లేదా డి5000 వరస బాడీ అయితే అందులో ఫోకస్ మోటార్ ఉండదు. సొంత మోటార్ లేని పాత ఏఎఫ్-డి లెన్సులు పెడితే చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి.

మీ టేపు పరీక్షలో 50 ఇరుకనిపించకపోతే నిశ్చింతగా 50 తీసుకోండి. ఇరుకనిపిస్తే 35. పక్షుల లెన్స్ ఆర్నెల్లు ఆగొచ్చు, పిల్లలు ఆగరు. 18-55ని మాత్రం అమ్మేయకండి. 18 దగ్గర వచ్చే వెడల్పు ఈ మూడింటిలో దేనిలోనూ రాదు, ఇంటిల్లిపాదినీ ఒకే గదిలో నిలబెట్టి తీయాల్సినప్పుడు నేను ఇప్పటికీ దాన్నే బిగిస్తాను.